సిక్ లైన్లో అమ్మవారి కోడి

ఎండలో కోడి నోరు తెరుచుకుని రొప్పుతుంటే చూస్తూ నిలబడేవాళ్ళను ఆవిడ మనుషుల్లో జమ కట్టేది కాదు.

మొన్న మలంచా రోడ్డు మీద ఆటో కోసం నిలబడి ఉన్నాను. పక్కనే ఒకాయన సైకిలు హ్యాండిలుకి నాటుకోళ్ళను తలకిందులుగా వేలాడదీసి, వాటిని ఎండకు వదిలేసి, తను మాత్రం చెట్టు నీడకు చేరి చెరుకురసం తాగుతున్నాడు. కోళ్ళ ముక్కులు తెరుచుకుని ఉన్నాయి. రెక్కలు ఒంటికి దూరంగా వాలిపోయాయి. నేను ఉన్నట్టుండి ఆయన మీద ఇంతెత్తున లేచాను. "నోరు తెరిసీసినాయి, కనపడటం నేదేటి? ముందు ఆటిని నీడకి తియ్యి, తరవాత తాగుదువు గాని!" అని అరిచాను. పాపం బెంగాలీవాడు, నా తెలుగు ఒక్క ముక్క అర్థమై ఉండదు. అయినా తిట్టని తెలిసి సైకిలు నీడలోకి తోశాడు. ఆటో ఎక్కి కూర్చున్నాక తట్టింది. నేను తెలుగు బడిలో పాఠాలు చెప్పేదాన్ని, మాటల్లో "నేదేటి" అనను. ఆ గొంతు ఆవిడది. ఆవిడ పోయి ఏడాది కావస్తోంది.

తాల్‌బగీచాలో మా పెరడుకీ ఆవిడ పెరడుకీ మధ్య నడుమెత్తు గోడ ఒకటే అడ్డం. చుట్టరికం ఏమీ లేదు. మావాళ్ళ లాగే వాళ్ళ తాతలు కూడా శ్రీకాకుళం వైపు నుంచి ఖరగ్‌పూర్ వర్క్‌షాపులో పనికి వచ్చి ఇక్కడే పాతుకుపోయారు. అంతమాత్రానికే నాకు ఆవిడ పిన్ని, మా అత్తకు వదిన.

భర్త యార్డులో డ్యూటీ మీద ఉండగా దెబ్బ తగిలి ఆస్పత్రిలో పోతే, ఆయన బదులు ఆవిడకు ఉద్యోగం ఇచ్చారు. వేగన్లు బాగుచేసే చోట సుత్తులూ పానాలూ అందించే పనితో మొదలుపెట్టింది. రిటైరయ్యే నాటికి తనే పానా పట్టేది. రైలుబండిలో ఒక వేగన్ చెడితే దాన్ని మిగతా బండి నుంచి విడదీసి వేరే పట్టా మీద నిలబెడతారు. ఆ పట్టాని సిక్ లైన్ అంటారు. బాగుచేసి 'ఫిట్' అనేదాకా ఆ వేగన్ అక్కణ్ణుంచి కదలదు. పిన్ని తన పెరట్లో కూడా ఒక సిక్ లైన్ పెట్టుకుంది. జామచెట్టు కింద, పొద్దుటి ఎండ తప్ప మరే ఎండా తగలని మూల, ఇటుకల మీద లేపి కట్టిన వెదురు గూడు అది. పైన గడ్డి కప్పింది, చుట్టూ పాత దోమతెర కట్టింది. ఒక్క కోడికే చోటు.

కోడి తుమ్మినా సిక్ లైనే, రెట్ట పచ్చగా వేసినా సిక్ లైనే, మేతకి పిలిస్తే వెనకబడి వచ్చినా సిక్ లైనే. సంతలో కొన్న కొత్త పెట్ట ఎంత నిగనిగలాడుతున్నా ముందు అందులో ఉండాల్సిందే. "ఈ బండి ఏ లైన్ల తిరిగొచ్చినాదో నీకు తెల్సా, నాకు తెల్సా?" అనేది. వాకిట్లో గేటు దగ్గర ఒక రేకు పళ్ళెంలో సున్నం పొడి పోసి ఉంచేది. చెప్పులు అందులో అద్దకుండా ఎవరూ లోపలికి అడుగుపెట్టడానికి లేదు. ఒకసారి పెళ్ళి పిలుపుకి వచ్చిన పట్టుచీరల వాళ్ళను కూడా ఆ సున్నంలో తొక్కించింది. వాళ్ళు మొహం మాడ్చుకుని వెళ్ళిపోయారు. "పిలుపుదేముంది, మళ్ళీ వొస్తాది. తెగులొస్తే కోడి మళ్ళీ వొస్తాదా?" అని ఈవిడ చేతులు దులుపుకుంది.

కోడిని ఎత్తి చంకలో ఇరికించుకుని, దాని రొమ్ముటెముక మీద వేలితో టకటక కొట్టి, చెవి ఆనించి వినేది. బండి చక్రం మీద సుత్తితో కొట్టి, మోతను బట్టి పగులు ఉందో లేదో పసిగట్టడం ఆవిడ పాత పని. ఆ అలవాటు కోళ్ళ మీదకు వచ్చింది. "ఏం వినపడుతుంది పిన్నీ?" అని అడిగితే, "ఇనపడీది ఇనపడతాది. నువ్వు మాటాడకపోతే ఇంకా బాగా ఇనపడతాది" అనేది. నిజంగా ఏమైనా వినపడేదో, ఊరికే మా దగ్గర డాబో, ఇప్పటికీ నాకు తెలీదు.

కోళ్ళకు పేర్లు కూడా రైల్వేవే. అందరికంటే ముందు గేటు దాటే నల్లపెట్ట డ్రైవరు. అందరినీ ఆపి పొడిచే తెల్లది టీటీ. సాయంత్రం అన్నీ గూడెక్కాక, ఒకసారి పెరడంతా చుట్టి చూసుకుని ఆఖరున ఎక్కే బూడిదరంగు ముసలి పెట్ట గార్డు. గార్డు ఎక్కేదాకా పిన్ని తలుపు వేసేది కాదు. అది గుడ్లు మానేసి చాలా కాలమైంది. "పెన్షన్లో ఉన్నాది" అని మేపేది.

ఆవిడ మంచిదని నేను చెప్పను. నోరు ఘోరం. నేను కొత్తగా నాలుగు కోళ్ళు పెంచుకోవడం మొదలుపెట్టినప్పుడు మధ్యాహ్నం పూట నూకలు చల్లుతుంటే గోడ మీంచి చూసి, వీధంతా వినేలా అరిచింది. "ఒలమ్మీ, మిట్ట మజ్జేనం మేతేటే? తిన్నది అరిగినప్పుడు ఒళ్ళు ఎంత కాగుతాదో తెలీదేటి? పొద్దున్న ఎట్టు, సల్లబడ్డాక ఎట్టు. ఈ ఎండలో నీల్లెట్టు సాలు." నీళ్ళు అంటే మళ్ళీ ప్లాస్టిక్ గిన్నెలో కాదు, మట్టి చట్టిలో. చట్టి నీడలో ఉండాలి, వేడెక్కకముందే మార్చాలి. అన్నంలో నీళ్ళు పోసి పులియబెట్టిన తరవాణిని మా అత్త తను తాగడానికి దాచుకుంటే, ఆవిడ కోళ్ళకు పోసేది. రేకు మీద గడ్డి పరిచి తడిపేది. గాలి వచ్చే వైపు తడి గోనెలు వేలాడదీసేది. "గోనె తడిపి గాలి మూసీకు. గాలి లేకండా తడుంటే ఉడకబెట్టినట్టే" అని దానికి మళ్ళీ ఒక తిట్టు. తిట్టని మాట ఆవిడ నోట్లోంచి నేను విన్నది తక్కువ. విన్నదంతా పాటించాను, నా కోళ్ళు ఒక్కటీ ఎండకు పోలేదు.

ఇక ఆ వేసవి సంగతి.

మా ఆయన విద్యాసాగర్ ఇండస్ట్రియల్ పార్కులో ఒక ఫ్యాక్టరీలో పని చేసేవాడు. ఎండలు ముదరకముందే ఒకరోజు కుడిచెయ్యి మెషీనులో పడింది. రెండు వేళ్ళు పోయాయి. గాయం చీము పట్టి జ్వరం తలకెక్కి, ఒక దశలో డాక్టర్లు కూడా మాట్లాడటం తగ్గించేశారు. అప్పుడు మా అత్త ఆస్పత్రి వరండాలోనే కొంగు పరిచి మొక్కుకుంది. కొడుకు ప్రాణాలతో ఇంటికొస్తే, ఏటా వేసవిలో మా ఖరగ్‌పూర్ తెలుగువాళ్ళు చేసే మాత పూజకు ఈసారే అమ్మవారికి పుంజును ఇచ్చుకుంటానని. మా ఆయన ఇంటికొచ్చాడు. అత్త మా కోళ్ళలోంచి ఎర్రని పుంజును ఎంచి, దాని కాలికి పసుపు గుడ్డముక్క కట్టింది.

మొక్కు కట్టిన కోడిని మావాళ్ళు మూసిపెట్టరు. పూజ దాకా అది ఇష్టమొచ్చినట్టు తిరగాలి. ఏ పెరట్లోకి వెళ్ళినా ఎవరూ అదిలించరు, గుప్పెడు గింజలు వేసి దణ్ణం పెడతారు. మా పుంజు కూడా తాల్‌బగీచాలో మా వీధంతా తనదే అన్నట్టు తిరిగింది. కొన్నాళ్ళకు దాని జుట్టు మీదా ముక్కు పక్కనా చిన్న చిన్న పొక్కులు లేచాయి. అవి నల్లగా ఎండి పెచ్చులు కట్టాయి. కోళ్ళకు వచ్చే మసూచి అది. మనుషులకు వచ్చే దాన్ని అమ్మవారు అన్నట్టే మావాళ్ళు దీన్నీ అమ్మవారే అంటారు.

అత్త ఆనందం చూడాలి. మొక్కు కోడి మీదకు సాక్షాత్తూ అమ్మవారే వచ్చింది! వీధిలో ఆడవాళ్ళు పసుపునీళ్ళు, వేపమండలు పట్టుకుని వచ్చారు. పుంజు ఇంటింటికీ వెళ్ళడం పోయి, ఇళ్ళవాళ్ళే దాన్ని ఎదురెళ్ళి పిలుచుకోవడం మొదలైంది. మా వాకిట్లో జాతరలా ఉంది. ఒకరోజు పొద్దున పిన్ని గోడ దగ్గరకు వచ్చి నిలబడింది. ముఖం గట్టిగా ఉంది.

"వొదినా, ఆ పుంజుని నాకియ్యి. సిక్ లైన్లో ఎడతాను."

అత్త చేటలో బియ్యం ఏరుతోంది. తల ఎత్తింది. "నీకు మతి గాని పోనాదేటి? అమ్మోరిని గూట్లో మూసీమంటావా?"

"అమ్మోరైతే ఒక్క సోట కూసోమను. ఇంటింటికీ తిరగడమేటి?"

"పిలిసినోల్ల ఇంటికెల్తాది."

"నాను పిలవనేదు గదా. నా పెరట్లోకి ఎందుకొచ్చినాది? మా టీటీకి కంటి పక్కన పొక్కు లేసినాది సూడు."

"అమ్మోరు సూసినాదన్నమాట. అదురుష్టం!" అంది అత్త. తర్వాత కొంచెం తగ్గి, "అయినా నువ్వేటా టీకాలేయిస్తావు గదా. నీ కోల్లకేటి బయిం?" అంది.

 పిన్ని మాటకు మాట చెప్పకుండా ఊరుకోవడం నేను చూసింది అదే మొదటిసారి. అత్త లోపలికి వెళ్ళాక గోడ మీద చేతులు ఆనించి నాతో మెల్లగా చెప్పింది. ఏటా ఎండలు రాకముందే పశువులాస్పత్రి కాంపౌండరును పిలిచి రెక్క చర్మానికి సూదితో మసూచి టీకా వేయించేది. ఆ ఏడు వేయించలేదు. "కొక్కెర తెగులుకి సుక్కలేసినాను. దీనికి మాత పూజ అయ్యాక ఏద్దారిలే అనుకున్నాను. అమ్మోరి నెల్లో రెక్కకి సూది పొడిసీడమేటి అని బయమేసినాది." ఆగి, నేల చూస్తూ అంది. "నాను గూడా మీ అత్తలాటిదాన్నే. ఏటనుకున్నావు."

అన్నీ తెలిసిన మనిషి అలా అంటే నాకు నిజంగా భయం వేసింది.

తర్వాత రోజుల్లో పుంజు కళ్ళ మీద పెచ్చులు పేరుకున్నాయి. కళ్ళు మూసుకుపోయాయి. ఒక మూల ముడుచుకుని కూర్చునేది. వేసిన గింజలు వేసినట్టే ఉండేవి. "ఉపాసం ఉన్నాది తల్లి" అని అత్త దాని ముందు దీపం పెట్టింది. గోడ అవతల నుంచి పిన్ని గొంతు వచ్చింది. "ఉపాసం గాదు వొదినా! కల్లు కనపడక తిండి అందటం నేదు. గొంతులో గూడా పూసుంటాది. ఈ ఎండకి తాలదు. పూజకి సచ్చిన కోడిని అట్టుకెల్తావేటి?"

అత్త రెండు చెవులూ మూసుకుంది. చచ్చిపోవడం అనే మాటను మా ఇంట్లో ఎవరూ పలకకూడదు. పూజకు ముందే పుంజు పోతే, ఇచ్చిన ప్రాణాన్ని అమ్మవారు వెనక్కి తీసుకుంటుందని అత్త నమ్మకం. రోజూ పొద్దున లేవగానే ముందు కొడుకు నుదురు పట్టుకుని చూసేది, తర్వాత పుంజు దగ్గరకు వెళ్ళేది. కోడిని ఇవ్వదు, మూయనివ్వదు, అది బతుకుతుందన్న ధైర్యమూ లేదు. నేను రెండు మాటలు చెప్పబోతే, "నీ మొగుడి పేనం మీద పాటాలు సెప్పకు" అని నోరు మూయించింది.

మర్నాడు తెల్లవారుతూనే, ఇంకా చల్లగా ఉండగానే, పిన్ని మా వాకిట్లోకి వచ్చింది. ఆవిడ కోడిని ఎప్పుడు పట్టినా ఆ వేళకే పట్టేది. ఎండెక్కాక వెంటపడి పడితే గుండె పగిలి చస్తాయని. వీధి కుళాయి దగ్గర నీళ్ళకు నిలబడ్డ ఆడవాళ్ళందరూ చూస్తూ ఉన్నారు. పిన్ని గేటు బయట చెప్పులు విడిచింది. పుంజు ముందు మోకాళ్ళ మీద కూర్చుని రెండు చేతులూ జోడించింది.

"అమ్మా, నిన్ను కట్టీడం నేదు, మూసీడం నేదు. సిక్ లైనుకి తీసుకెల్తన్నాను. ఫిట్టయితే పూజకి నాలుగు రోజులు ముందే తెచ్చి అప్పసెప్పీస్తాను. కోపమొస్తే నా మీద సూపించు. ఈ ఇంటి గుంటడి మీదకి ఎల్లకు."

తడి తువ్వాలు కప్పి, రెక్కలు కదలకుండా ఎత్తి చంకలో పెట్టుకుంది. అప్పటికి అత్త బయటకు వచ్చింది. ఆవిడ పెట్టిన కేకకు మా ఆయన కూడా కట్టుకట్టిన చేత్తో పరుగెత్తుకొచ్చాడు.

"నా కొడుక్కి ఏటైనా ఐతే ఎవుత్తిదే పూచీ?"

"నాదే" అంది పిన్ని, వెనక్కి తిరగకుండా.

గూడు దగ్గరకు నేనూ వెళ్ళాను. సిక్ లైన్ ఖాళీగా లేదు. టీటీ ఒక్క పొక్కుతోనే తేరుకుంది గానీ, ఇప్పుడు అందులో గార్డు ఉంది. దానికీ పొక్కులు లేచాయి, అప్పటికే నీరసించింది. పిన్ని ఒక్క క్షణం నిలబడింది. తర్వాత గార్డును బయటకు తీసి, ఒక బుట్టలో కూర్చోబెట్టి రేకు వరండా కింద పెట్టింది. బుట్ట మీద తడి గోనె కప్పింది. జామచెట్టు కిందికీ రేకు కిందికీ వేడిలో ఎంత తేడా ఉంటుందో నాకు చెప్పింది ఆవిడే.

"రెండింటినీ ఒక చోటే పెట్టకూడదా పిన్నీ?"

"ఈ ఏడిలో రెండు ఒల్లు ఒక్క గూట్లోనా? రెండూ పోతాయి."

"మరి గార్డు?"

"అది నాది. ఇది ఇంకోల్లది" అంది.

ఆ మధ్యాహ్నమే కాంపౌండరు వచ్చాడు. సిక్ లైన్ చూసి, "దేరీ హోయే గేఛే, దీదీ" అన్నాడు. ఆలస్యమైపోయిందని. "ఐనాదానికి ఐనాది దాదా, మిగిలినాటికి పొడిసీ. అమ్మోరి నెలైనా సరే" అని, పొక్కులు రాని కోళ్ళన్నిటికీ చల్లబడ్డాక టీకాలు వేయించింది. ఒప్పుకున్న ఇళ్ళ కోళ్ళకు కూడా. ఒప్పుకోని ఇళ్ళే ఎక్కువ. అమ్మవారిని ఎత్తుకుపోయిన మనిషని కుళాయి దగ్గర ఆవిడకు చోటివ్వడం మానేశారు. ఎదురుపడితే పక్కకు తప్పుకునేవారు. ఆవిడ ఏ ఒక్కరినీ తిట్టలేదు. అది మరీ వింతగా తోచింది నాకు.

పుంజుకి రోజూ చేసే సేవ నేను గోడ మీంచి చూసేదాన్ని. అత్త నా వెనక నిలబడి చూడనట్టే చూసేది. పిన్ని కాచి చల్లార్చిన ఉప్పునీళ్ళలో దూది ముంచి కళ్ళ మీద పెట్టి, పెచ్చులు నానేదాకా అలాగే పట్టుకునేది. పీకేది కాదు. "పీకితే నెత్తురొస్తాది, కన్ను పోతాది" అనేది. బొటనవేలితో ముక్కు తెరిచి, గొంతులో పూసిన తెల్లటి పూతకు కాంపౌండరు ఇచ్చిన మందు దూదితో అద్దేది. మెత్తగా నలిపిన తరవాణి అన్నం చిన్న చిన్న ముద్దలు చేసి నాలుక వెనక పెట్టి, గొంతు నిమురుతూ దింపేది. మధ్యమధ్యలో రొమ్ము మీద టకటక కొట్టి వినేది. ఆవిడ ఎప్పుడు చెవి ఆనించినా, నా వెనక అత్త ఊపిరి బిగబట్టడం నాకు తెలిసేది.

ఆ ఎండాకాలంలోకెల్లా ఘోరమైన మధ్యాహ్నం ఒకటి వచ్చింది. కరెంటు పోయింది. గాలి స్తంభించింది. జామ ఆకు కూడా కదలడం లేదు. పుంజు నోరు తెరిచింది. మెడ చాచి, గొంతు ఎగరేస్తూ రొప్పసాగింది. పిన్ని నన్ను కేకేసింది. నేను గోడ దూకినంత పనిచేసి వెళ్ళాను. నా చేతికి విసనకర్ర ఇచ్చి, తను ఒక బేసిన్లో నీళ్ళు పోసి పుంజు కాళ్ళు మాత్రం అందులో ఉంచింది.

"మొత్తం ముంచెయ్యి పిన్నీ!"

"ఉన్నపలంగా సన్నీల్లల్లో ముంచితే గుండాగిపోతాది. కాల్లు సాలు. నువ్వు ఇసురు."

గోడ అవతలి నుంచి అత్త గొంతు. "నీల్లు తాగించినావా?"

"తాగించినాను."

"బెల్లం, ఉప్పు ఏసినావా?"

"ఏసినాను వొదినా."

మళ్ళీ అత్తే. "ఏటి సేస్తన్నాది?"

"బతుకుతన్నాది."

ఆ మాటతో అత్త నిలవలేకపోయింది. గేటు చప్పుడైంది. పుంజును ఎత్తుకుపోయినప్పటి నుంచి ఆ ఇంటి గడప తొక్కని మనిషి వచ్చి, సున్నం పళ్ళెంలో చెప్పులు అద్ది, పుంజు దగ్గర కూలబడింది. పిన్ని మాట్లాడకుండా బేసిన్ ఆవిడ వైపు జరిపింది. అత్త పుంజు ఒంటిని రెండు చేతులా పట్టుకుంది, నేను విసిరాను, పిన్ని గోనెలు తడుపుతూ తిరిగింది. ఎంతసేపు అలా ఉన్నామో తెలీదు. అత్త పెదాలు కదులుతూనే ఉన్నాయి. నా చెయ్యి పడిపోయినా ఆపడానికి ధైర్యం చాల్లేదు, ఆపితే మా ఆయనకు ఏదో అయిపోతుందన్న భయం అప్పటికి నాకూ అంటుకుంది. చివరకు ఎండ గోడ దిగాక పుంజు నోరు మూసింది. తల రెక్కలో పెట్టుకుంది.

అప్పుడు పిన్ని వరండాలో బుట్ట మీద గోనె తియ్యడానికి వెళ్ళింది. ఎంతకీ రాకపోతే నేను వెళ్ళి చూశాను. గార్డు ఆవిడ ఒళ్ళో ఉంది. మెడ వాలిపోయింది. ఆవిడ దాని రొమ్ము మీద వేలితో కొట్టి చెవి పెట్టి వింటోంది. మళ్ళీ కొట్టింది. మళ్ళీ వింది.

"ఐపోనాది" అంది.

పెరటి చివర లోతుగా గొయ్యి తీసి, సున్నం చల్లి పూడ్చింది. నేను ఏడ్చాను. ఆవిడ ఏడవలేదు. కాళ్ళూ చేతులూ కడుక్కుని వచ్చి పుంజుకి ముద్దలు కలిపింది.

పుంజు బతికింది. పెచ్చులు రాలిపోయాయి, జుట్టు మళ్ళీ ఎర్రబడింది, కూత వచ్చింది. కానీ ఎడమ కన్ను పోయింది. చెప్పిన మాట ప్రకారం పూజకు ముందే పిన్ని తెచ్చి మా వాకిట్లో దింపి, "ఫిట్" అంది. అత్త దాన్ని కరుచుకుని ఏడ్చింది. కన్ను సంగతి ఎవరూ పైకి అనలేదు.

మాత పూజ రోజు డప్పులు, ఘటాలు ఎత్తుకున్న ఆడవాళ్ళు, పసుపు నీళ్ళు, కాలు పెట్టడానికి చోటు లేదు. మా ఆయన పుంజును ఎడమచేత్తో పట్టుకుని వరసలో నిలబడ్డాడు. మా వంతు వచ్చింది. పూజ జరిపించే పెద్దాయన, రిటైరైన ఇంజన్ డ్రైవరు, పుంజును అటూ ఇటూ తిప్పి చూశాడు. తల అడ్డంగా ఊపాడు.

"ఒంటి కన్నుదమ్మా. అమ్మోరికి లోపం ఉన్నది ఇవ్వకూడదు. అన్నీ సరిగ్గా ఉండాల."

"బాబూ, ఇది మొక్కుబడిది. దీన్నే ఇస్తానన్నాను" అంది అత్త.

"నాను సేసీదేటున్నాదమ్మా? ఇంకోటి తెచ్చుకోండి."

ఇంకోటి అంటే మొక్కు కాదు. అత్త అక్కడే కూలబడిపోయింది. వెనకవాళ్ళు తోసుకుంటున్నారు. "ఎత్తుకుపోయి గూట్లో ఎట్టినాది గదా, అందుకే" అని ఎవరో అన్నారు. ఆ మాటకు వరస విరిగి దారి ఇచ్చింది. పిన్ని ముందుకు వచ్చింది. పెద్దాయన వైపు చూడలేదు. అమ్మవారి వైపు చూసింది. మా ఆయన కుడిచెయ్యి పట్టుకుని, కొంగు చాటున దాచుకున్న పిల్లాడి చెయ్యి లాగినట్టు లాగి, అందరికీ కనపడేలా పైకెత్తింది. రెండు వేళ్ళు లేని చెయ్యి.

"ఈ గుంటడిని తిరిగి ఇచ్చినప్పుడు నువ్వు తక్కువే ఇచ్చినావు. మాం ఒద్దన్నామేటి? లోపమున్నోడని ఎనక్కి పంపినామేటి? కల్లకద్దుకుని తీసుకున్నాం. ఇప్పుడు ఒక కన్ను తక్కువైతే నువ్వు తీసుకోవేటి?"

డప్పులవాళ్ళ చేతులు ఆగిపోయాయి. మా ఆయన తల వంచుకున్నాడు గానీ చెయ్యి దించలేదు.

"నాకైతే ఆ మాత్రం గూడా ఇవ్వనేదు" అంది పిన్ని, ఈసారి చిన్నగా. "మా ఆయన ఆస్పత్రిలో ఉన్నప్పుడు అన్నీ సరిగ్గా ఉన్న పుంజునే ఇచ్చినాను."

 పెద్దాయన మా ఆయన చేతిలోంచి పుంజును అందుకుని, దాని కాలి పసుపుగుడ్డ కళ్ళకద్దుకున్నాడు. డప్పు మళ్ళీ మోగింది.

సాయంత్రం అత్త గిన్నె నిండా కూర పోసి, తనే తీసుకెళ్ళడానికి కాళ్ళు రాక, నన్ను పంపింది. పిన్ని వరండాలో కూర్చుని ఉంది. తన చేత్తో ముద్దలు పెట్టి బతికించిన పుంజు కదా, ముట్టదనుకున్నాను. గిన్నె అందుకుని అన్నంలో కలుపుకుంది. తినడం మొదలుపెట్టింది. ముద్ద ముద్దకీ ఆవిడ కళ్ళ నుంచి నీళ్ళు కారి గడ్డం మీంచి పళ్ళెంలో పడుతున్నాయి.

"తినలేకపోతే వదిలెయ్యి పిన్నీ."

"ఒగ్గీడమేటి? మీ ఆయన పేనానికి మొక్కిన కోడి ఇది. ఒక్క మెతుకు పారీకూడదు."

"పోనీ కళ్ళైనా తుడుచుకో."

"సెయ్యి కాళీ నేదే" అంది ఆవిడ, ఇంకో ముద్ద కలుపుకుంటూ.